అద్దం ముందు నలభై ఏళ్లు
(చిత్రకారుడు రెంబ్రాంట్ జీవితం)

ఉద్యోగంలో చేరిన రోజున సర్వీసు రిజిస్టరులో మన ఫొటో ఒకటి అంటిస్తారు. పదవీ విరమణ ముందు పెన్షన్ కాగితాల కోసం మరొకటి తీయించుకుంటాం. ఈ రెండు ఫొటోలకూ మధ్య ముప్పై, ముప్పై అయిదేళ్లు గడిచిపోతాయి. మొదటి దానిలో నల్లని జుట్టు, రెండవ దానిలో కళ్లజోడు. నడుమ ఏమి జరిగిందో ఏ ఫొటోలోనూ ఉండదు. పిల్లల చదువులు, బదిలీలు, ఇంటి అప్పు, అమ్మానాన్నల అనారోగ్యాలు అన్నీ ఆ నడుమే జరిగాయి. రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకున్న మొహమే కాబట్టి, అది మారుతున్న సంగతి మనకు తెలియదు. ఎవరో పాత మిత్రుడు పెళ్లిలో కనబడి, గుర్తుపట్టడానికి ఒక్క క్షణం తడబడినప్పుడు తెలుస్తుంది.

ఆ నడుమ కాలాన్ని వదలకుండా నమోదు చేసుకున్న మనిషి ఒకడు హాలెండు దేశంలో పుట్టాడు. అప్పటికి కెమెరా లేదు. ఉన్నవల్లా అద్దం, కుంచె, రాగి రేకు. ఇరవై రెండేళ్ల వయసు నుంచి అరవై మూడేళ్ల వయసులో కన్నుమూసే వరకు ఆయన తన మొహాన్ని తానే దాదాపు ఎనభై సార్లు చిత్రించుకున్నాడు. వాటిలో సుమారు 40 తైలవర్ణ చిత్రాలు, 31 రాగి రేకుల మీద చెక్కి అచ్చు వేసినవి, మిగిలినవి కాగితం మీద గీతలు. ఆ చిత్రకారుని పేరు రెంబ్రాంట్. ఇంటిపేరు వాన్ రైన్. రైన్ నది పాయ ఒడ్డున వారికి పిండిమర ఉండేది. అందువల్ల ఆ పేరు వచ్చింది.

ఆయన 1606 జూలై 15న లైడెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి హార్మెన్ పిండిమర యజమాని. తల్లి నేల్ట్‌హెన్ రొట్టెలు కాల్చే వారి ఇంటి ఆడపడుచు. ఆ దంపతులకు రెంబ్రాంట్ తొమ్మిదవ సంతానం. ఈ పిల్లవాణ్ణి మాత్రం లాటిన్ పాఠశాలకు పంపించారు. 1620లో లైడెన్ విశ్వవిద్యాలయంలో పేరు కూడా నమోదు చేయించారు. బహుశా గుమాస్తాయో, న్యాయవాదో కాగలడని తల్లిదండ్రుల ఆశ కావచ్చు. కానీ కుర్రవాడి మనసు బొమ్మల మీద. చివరికి పెద్దవాళ్లే సరే అన్నారు. లైడెన్‌లో యాకొబ్ వాన్ స్వానెన్‌బర్హ్ వద్ద మూడేళ్లు, ఆమ్‌స్టర్‌డామ్‌లో పీటర్ లాస్ట్‌మన్ వద్ద ఆరు నెలలు శుశ్రూష చేశాడు. తరువాత ఊరికి తిరిగివచ్చి సొంతంగా పని మొదలుపెట్టాడు.

కొత్తగా పని మొదలుపెట్టిన కుర్రవానికి మోడల్‌ను పెట్టుకుని కూలి ఇచ్చే స్తోమత ఎక్కడిది? అద్దంలో ఉన్న మనిషి కూలి అడగడు, ఎంతసేపైనా కదలకుండా కూర్చుంటాడు, నవ్వమంటే నవ్వుతాడు, ఏడవమంటే ఏడుస్తాడు. రెంబ్రాంట్ తొలి స్వీయచిత్రాలు అలా పుట్టినవే. 1630లో రాగి రేకుల మీద వేసిన కొన్ని బొమ్మలు అగ్గిపెట్టె ప్రమాణంలో ఉంటాయి. వాటిలో ఒకదానిలో కళ్లు పెద్దవి చేసుకుని నోరు తెరిచి ఆశ్చర్యపోతున్నాడు. ఒకదానిలో నవ్వుతున్నాడు. మరొకదానిలో కనుబొమలు ముడివేసి కోపంగా చూస్తున్నాడు. ఇంకొకదానిలో అరుగు మీద కూర్చుని చెయ్యి చాచిన బిచ్చగానికి తన మొహమే పెట్టాడు. మన నాటక సమాజాల్లో వేషగాళ్లు అద్దం ముందు నిలబడి నవరసాలూ సాధన చేసేవారు గదా, ఇదీ అలాంటిదే.

ఈ రాగి రేకుల పద్ధతి గురించి రెండు మాటలు చెప్పాలి. నునుపు చేసిన రాగి రేకు మీద మైనం వంటి పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తే గీసినచోట పూత తొలగి రాగి కనబడుతుంది. రేకును ఆమ్లంలో ఉంచితే ఆ గీతల మేరకే రాగి తినుకుపోయి సన్నని గాడులు పడతాయి. ఆ గాడులలో సిరా నింపి, తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. ఒక రేకు నుంచి పదులకొద్దీ ప్రతులు తీయవచ్చు. తైలచిత్రం ఒకే ధనికుడి ఇంటికి చేరుతుంది. ఈ అచ్చుబొమ్మ కొద్దిపాటి సొమ్ము పెట్టగలిగిన ఎవరి ఇంటికైనా చేరుతుంది. రెంబ్రాంట్ మొహం యూరప్ అంతటా తెలియడానికి ఈ చిన్న కాగితాలే ఎక్కువ కారణం.

1631 ప్రాంతంలో ఆయన ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. అప్పటి ఆమ్‌స్టర్‌డామ్ ప్రపంచ వ్యాపారానికి కూడలి. మన మచిలీపట్నంలో 17వ శతాబ్దం మొదటి దశకంలోనే గిడ్డంగి పెట్టుకుని, మన నేతగాళ్ల బట్టలు ఓడలకెత్తిన డచ్చి ఈస్టిండియా కంపెనీ అక్కడిదే. ఆ లాభాలతో బలిసిన వర్తకులు తమ ఇళ్లలో తమ నిలువెత్తు బొమ్మలు వేయించుకోవడానికి పోటీపడేవారు. 1632లో రెంబ్రాంట్ వేసిన డాక్టర్ టుల్ప్ శరీరశాస్త్ర పాఠం అనే చిత్రంతో ఆయన పేరు మారుమోగింది. వయసు ఇరవై ఆరు. ఆపైన చేతినిండా పని.

ఆయనకు పని ఇప్పించే బొమ్మల వ్యాపారి హెండ్రిక్ వాన్ అయ్‌లెన్‌బర్హ్ బంధువుల అమ్మాయి సాస్కియా. ఆమె తండ్రి లేవార్డెన్ పట్టణానికి నగరాధ్యక్షుడుగా చేసినవాడు. పిండిమర వారి అబ్బాయికి ఇది పెద్దింటి సంబంధమే. 1633 జూన్‌లో నిశ్చితార్థం జరిగిన మూడవ రోజున వెండి మొన కలంతో ఆమె బొమ్మ గీశాడు. గడ్డి టోపీ పెట్టుకుని, చేతిలో పువ్వు పట్టుకుని, బల్ల మీద మోచేయి ఆనించి కూర్చున్న అమ్మాయి. 1634లో పెళ్లి. ఆ తరువాత ఎనిమిదేళ్లూ ఆ ఇంట్లో జరిగినదంతా ఆయన కాగితాల మీద ఉంది. సాస్కియా నిద్రపోతూ, కిటికీ దగ్గర కూర్చుని, జబ్బుపడి మంచంలో పడుకుని, ఇలా ఎన్నో. నడక నేర్చుకునే పిల్లలు, మారాం చేసే పిల్లవాడు, వీధిలో అట్లు పోసే ముసలమ్మ కూడా ఆయన కలం నుంచి తప్పించుకోలేదు. 1636లో వేసిన ఒక అచ్చుబొమ్మలో ముందు ఆయన, వెనక బల్ల దగ్గర సాస్కియా. చేతిలో కలం పట్టుకుని ఆయన మనవైపే చూస్తున్నాడు. అద్దంలోకి చూస్తూ గీసుకున్నది కాబట్టి అలా కనబడుతుంది.

డబ్బు బాగా వస్తోంది. ఖర్చు అంతకంటె బాగా ఉంది. వేలంపాటలు ఎక్కడ జరిగినా రెంబ్రాంట్ అక్కడ ఉండేవాడు. బొమ్మలు, శిల్పాలు, గవ్వలు, పాత కత్తులు, శిరస్త్రాణాలు, విదేశీ వస్త్రాలు అన్నీ కొనేవాడు. భార్య ఆస్తిని దుబారా చేస్తున్నారని సాస్కియా వైపు బంధువులు కొందరు అన్నారు. 1638లో ఆయన వారిమీద పరువునష్టం దావా వేసి ఓడిపోయాడు. మరుసటి ఏడాదే, అంటే 1639లో, బ్రేస్ట్రాట్ వీధిలో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. కొంత సొమ్ము ముందు, మిగతాది వాయిదాల మీద. ఇంటి అప్పు తీసుకుని కట్టినవారికి ఈ కథ ఎటు పోతుందో ఇప్పటికే తెలిసి ఉంటుంది.

మరుసటి సంవత్సరం 1640లో ఆయన వేసుకున్న స్వీయచిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. వయసు ముప్పై నాలుగు. ఖరీదైన పాతకాలపు ఇటలీ దుస్తులు, తలకు టోపీ, పిట్టగోడ మీద ఠీవిగా ఆనించిన చెయ్యి. ఇటలీ మహాచిత్రకారులు రఫాయెల్, టిషియన్ వేసిన చిత్రాలలోని భంగిమను తీసుకుని, వారి పక్కన తన కుర్చీ తానే వేసుకున్నాడు. జీవితంలో అన్నీ కుదిరిపోయాయి అనుకునే మనిషి మొహం అది.

ఇంట్లో మాత్రం అన్నీ కుదరలేదు. 1635లో పుట్టిన కొడుకు, 1638లో పుట్టిన కూతురు, 1640లో పుట్టిన మరో కూతురు, ముగ్గురూ పసికందులుగానే పోయారు. 1641లో పుట్టిన టైటస్ ఒక్కడు దక్కాడు. ఆ పిల్లవానికి ఏడాది నిండకముందే, 1642 జూన్‌లో, సాస్కియా కన్నుమూసింది. ఆమెకు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అదే ఏడాది ఆయన అత్యంత ప్రసిద్ధ చిత్రం నైట్ వాచ్ పూర్తయింది. పౌరసేన వారికి ఆ చిత్రం నచ్చలేదనీ, అందుకే ఆయన పతనమయ్యాడనీ చాలా పుస్తకాలలో రాస్తూ వచ్చారు. అది కట్టుకథ. ఆ చిత్రానికి ఆయనకు 1,600 గిల్డర్లు ముట్టాయి, వారి సభాభవనంలో దాన్ని గౌరవంగా వేలాడదీశారు. ఆయన్ను దెబ్బతీసినవి వేరే ఉన్నాయి.

వాటిలో మొదటిది సాస్కియా వీలునామా. తన సగం ఆస్తి కొడుకు టైటస్‌కు చెందాలని, దాని అనుభవ హక్కు భర్తకు ఉండాలని, అయితే ఆయన మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ హక్కు పోతుందని అందులో ఉంది. 1647లో ఆ దంపతుల ఉమ్మడి ఆస్తికి 40,750 గిల్డర్లుగా విలువ కట్టారు. అంటే అందులో సగం, 20,375 గిల్డర్లు, పిల్లవానివి. కుటుంబ పెన్షన్ నిబంధనల్లో పునర్వివాహం అన్న ఒక్క మాట ఎంత బరువైనదో, ఆ సెక్షన్‌లో ఫైళ్లు చూసినవారికి నేను వివరించనక్కరలేదు.

తల్లి లేని పసివాణ్ణి పెంచడానికి గేర్ట్యె డిర్క్స్ అనే వితంతువును పెట్టుకున్నారు. క్రమంగా ఆమె ఇల్లాలి వంటిదైంది. సాస్కియా నగలు కొన్ని ఆమెకు ఇచ్చాడు కూడా. 1647 ప్రాంతంలో హెండ్రిక్యె స్టోఫెల్స్ అనే పడుచు పనిమనిషిగా ఆ ఇంటికి వచ్చాక గేర్ట్యెను వెళ్లగొట్టారు. పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చి తప్పాడని ఆమె 1649లో ఫిర్యాదు చేసింది. ఏడాదికి 200 గిల్డర్లు భరణం ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఆమె తన దగ్గరున్న నగలను కుదువ పెట్టింది. అప్పుడు రెంబ్రాంట్ ఆమె సొంత తమ్ముడితో చేతులు కలిపి, ఇరుగుపొరుగు చేత సాక్ష్యాలు చెప్పించి, 1650లో గౌడా పట్టణంలోని స్త్రీల దిద్దుబాటు జైలుకు పంపించాడు. ఆమె అక్కడ అయిదేళ్లు ఉంది. 1655లో స్నేహితురాళ్లు పూనుకుని విడిపించబోతే దానికీ అడ్డు చెప్పాడు. గొప్ప కళాకారుడు కాబట్టి దీన్ని చూసీచూడనట్టు వదిలేయాలని కొందరి వాదన. నాకు అలా తోచదు. ఆమె బొమ్మ అని నిశ్చయంగా చెప్పదగినది మనకు మిగలలేదు. ఇంట్లోవారందరినీ గీసిన మనిషి కాగితాలలో ఆమె జాడ పోల్చుకోలేకుండా ఉంది.

చిత్రమేమంటే, ఈ దశాబ్దంలో ఆయన తన మొహాన్ని చిత్రించుకోవడం బాగా తగ్గించాడు. 1640 నుంచి 1652 వరకు తైలవర్ణాలలో స్వీయచిత్రాలు చాలా తక్కువ. నడుమ 1648లో ఒక అచ్చుబొమ్మ ఉంది. కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని పని చేసుకుంటున్నాడు. పాతకాలపు పట్టుబట్టలు లేవు, మెలితిప్పిన మీసం లేదు, ఠీవి లేదు. టోపీ పెట్టుకున్న నడివయసు పనివాడు తల ఎత్తి చూస్తున్నాడు, అంతే. వయసు నలభై రెండు. కాగితాల వెనక నుంచి తల ఎత్తి, వచ్చినవారెవరని చూసే సెక్షన్ హెడ్డులను మనం ఎంతమందిని చూడలేదు!

1652లో వేసిన పెద్ద స్వీయచిత్రం వియన్నాలో ఉంది. ఒంటిమీద గోధుమరంగు పని అంగీ. బొటనవేళ్లు నడికట్టులో దోపుకుని, చేతులు నడుముకు ఆనించి, మనకు ఎదురుగా నిలబడ్డాడు. దాదాపు అదే కాలానికి చెందిన ఒక గీత చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఆయన ఇంటి మ్యూజియంలో ఉంది. అందులోనూ పని దుస్తుల్లోనే నిలువెత్తున ఉన్నాడు. ఇక్కడి నుంచి ఆయన స్వీయచిత్రాలు మళ్లీ మొదలయ్యాయి, చివరిదాకా ఆగలేదు. జీవితం కిందికి జారడం మొదలైందీ ఇక్కడి నుంచే.

1652 నుంచి 1654 వరకు ఇంగ్లండుతో నౌకాయుద్ధం జరిగింది. వ్యాపారాలు దెబ్బతిన్నాయి, డబ్బు బిగుసుకుపోయింది. ఇల్లు అమ్మినవారు బాకీ కోసం ఒత్తిడి తెచ్చారు. వడ్డీలు, పన్నులతో కలిపి అది 8,470 గిల్డర్లకు చేరింది. కొన్న పధ్నాలుగేళ్ల తరువాత! ఈ బాకీ తీర్చడానికి 1653లో ఆయన కొర్నేలిస్ విట్సెన్ అనే పెద్దమనిషి దగ్గర 4,180, ఐజక్ వాన్ హెర్ట్స్‌బేక్ అనే వర్తకుని దగ్గర 4,200 గిల్డర్లు తీసుకున్నాడు. అప్పు తీర్చడానికి అప్పు. తెచ్చినదంతా ఇంటి బాకీకి కట్టాడా అంటే అదీ లేదు.

1654లో హెండ్రిక్యె గర్భవతి అయింది. పెళ్లి లేకుండా కాపురం చేస్తున్నందుకు చర్చి పెద్దలు ఆమెను పిలిపించి విచారించి, ప్రభురాత్రి భోజన సంస్కారం నుంచి వెలివేశారు. ఆ అక్టోబరులో కూతురు పుట్టింది. చనిపోయిన ఇద్దరు ఆడపిల్లలకు పెట్టిన పేరే, తన తల్లి పేరే, మూడవసారి పెట్టాడు. కార్నేలియా. ఈ పిల్ల బతికింది.

1656 మే నెలలో ఇంటిని కొడుకు టైటస్ పేరు మీదికి మార్చాడు. అప్పులవాళ్ల చేతికి చిక్కకుండా చేసిన ఏర్పాటు అది. పనిచేయలేదు. జూలైలో తన ఆస్తి అంతా అప్పులవారికి అప్పగిస్తున్నానని న్యాయస్థానానికి అర్జీ పెట్టుకున్నాడు. అధికారులు వచ్చి గదిగదికీ తిరిగి జాబితా రాశారు. 363 అంశాలు. ఇటలీ చిత్రాలు, శిల్పాల నమూనాలు, గవ్వలు, పగడాలు, ఆయుధాలు, బొత్తులకొద్దీ అచ్చుబొమ్మలు, ఒక పెద్ద అద్దం, వంటింట్లో సత్తు సామాను, చాకలికి వేసిన బట్టల దాకా అన్నీ ఎక్కాయి. అంత జాబితాలోనూ ఆయన స్వీయచిత్రం ఒక్కటి కూడా లేదు. అంటే అన్నీ అమ్ముడుపోయాయన్నమాట. తన మొహాన్ని తానే చూసుకుని మురిసిపోవడానికి ఇంట్లో వేలాడదీసుకున్నాడని అనుకునేవారు దీన్ని గమనించాలి. ప్రసిద్ధ చిత్రకారుని చేతి పని, ఆ చిత్రకారుని మొహం రెండూ ఒకే చిత్రంలో దొరుకుతాయని కొనేవారు ఎగబడేవారు. ఆయనకు అది బతుకుతెరువు కూడా.

ఆ జాబితా రాస్తున్న కాలంలోనే ఆయన మరొక పని చేశాడు. కంపెనీ ఓడల ద్వారా హాలెండు చేరిన మొగలు చిత్రాలను చూసి, సన్నని జపాను కాగితం మీద ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు. జహంగీరు, షాజహాను ఆ కాగితాల మీద ఉన్నారు. 1656లోనే ఇక్కడ ఔరంగజేబు గోలకొండను ముట్టడించి అబ్దుల్లా కుతుబ్ షా మెడలు వంచాడు. అక్కడ ఆ చిత్రకారుడు అప్పులవాళ్ల నడుమ కూర్చుని ఆ ఔరంగజేబు తండ్రి బొమ్మను శ్రద్ధగా ఎత్తి రాసుకుంటున్నాడు. ఇల్లు వేలానికి వచ్చిన మనిషికి ఇదేం ధ్యాస అని అడగాలనిపిస్తుంది. అడిగేవారు ఆయన ఇంట్లోనూ ఉండే ఉంటారు.

వేలాలు 1657, 1658 సంవత్సరాలలో సాగాయి. బతుకంతా కూడబెట్టిన వస్తువులు నీళ్లధరకు పోయాయి. 1658లో ఇల్లు 11,218 గిల్డర్లకు అమ్ముడైంది. కొన్నధర కూడా రాలేదు. సరిగ్గా ఆ సంవత్సరం వేసిన స్వీయచిత్రం న్యూయార్క్‌లోని ఫ్రిక్ సంగ్రహాలయంలో ఉంది. వయసు యాభై రెండు. ఎలా వేసుకున్నాడు? సింహాసనం మీద కూర్చున్న రాజులాగా! బంగారు పసుపు రంగు అంగీ, నడుముకు ఎర్రని పట్టీ, ఎడమచేతిలో వెండిపిడి కర్ర. నాలుగడుగులకు పైగా ఎత్తున్న చిత్రం. కానీ మొహం చూడండి. కళ్లకింద బరువు, నుదుట మడతలు, బిగించిన పెదవులు. దుస్తులు ఒక మాట చెబుతాయి, మొహం ఇంకొకటి చెబుతుంది. ఆ చేతులు మాత్రం నిశ్చింతగా ఉన్నాయి. అప్పులవాళ్లు అన్నీ పట్టుకుపోయారు, ఆ చేతులను పట్టుకుపోలేదు. ఆయన చిత్రాలన్నిటిలో ఒక్కటి ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

అద్దెకు తీసుకున్న చిన్న ఇంటికి మారారు. రోజెన్‌గ్రాక్ట్ వీధి, ఏడాదికి 225 గిల్డర్లు అద్దె. 1660లో హెండ్రిక్యె, టైటస్ కలిసి బొమ్మల వ్యాపార సంస్థ ఒకటి పెట్టారు. రెంబ్రాంట్ అందులో వాటాదారు కాదు, వారి వద్ద పనిచేసే మనిషి. వేసిన చిత్రాలన్నీ సంస్థవి, ఆయనకు తిండి, వసతి ఇస్తారు. ఆయన సంపాదన అప్పులవాళ్ల చేతికి పోకుండా ఆ తల్లీకొడుకులు, మారుతల్లీ కొడుకులు అనాలేమో, పన్నిన ఉపాయం అది. టైటస్‌కు అప్పుడు పంతొమ్మిదేళ్లు. చర్చి పెద్దలు నిలదీసిన హెండ్రిక్యె ఈ ఇంటిని నిలబెట్టింది. టైటస్ తరఫు సంరక్షకుడు తల్లి వాటా కోసం ఏళ్లతరబడి వ్యాజ్యం నడిపి, చివరికి 1665లో 6,952 గిల్డర్లు రాబట్టాడు. 20,375లో అది మూడోవంతు.

ఈ కాలంలో ఇంచుమించు ఏడాదికి ఒకటి చొప్పున స్వీయచిత్రాలు వస్తూనే ఉన్నాయి. 1658, 1659, 1660లో రెండు, 1661. మనం ఏటా నవంబరు నెలలో బ్యాంకుకో ట్రెజరీకో వెళ్లి బతికే ఉన్నామని సంతకం పెట్టి వస్తాం చూడండి, ఆ వరుస చూస్తే నాకు అదే గుర్తుకొస్తుంది. పారిస్‌లో ఉన్న 1660 నాటి చిత్రంలో తలకు తెల్లని గుడ్డ టోపీ చుట్టుకుని, బోర్డు ముందు కుంచెతో ఉన్నాడు. 1661 నాటి దానిలో అపొస్తలుడైన పౌలు వేషం. కనుబొమలు పైకెత్తి, ఇంకేముంది చెప్పు అన్నట్టు చూస్తాడు. ముడతలు దాచుకోవడం ఎక్కడా లేదు. ఉబ్బిన ముక్కు, వేలాడే బుగ్గలు, నెరసిన జుట్టు ఉన్నవి ఉన్నట్టే వేశాడు. రంగు నున్నగా పూయడం కూడా మానేశాడు. దగ్గరగా వెళితే మందంగా మెత్తిన రంగుముద్దలు కనబడతాయి, నాలుగడుగులు వెనక్కి వస్తే అవే చర్మమవుతాయి. 2004లో అమెరికాకు చెందిన ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చిత్రాలలోని కళ్లను కొలిచి, ఆయనకు కాస్త మెల్లకన్ను ఉండి ఉండవచ్చని ప్రకటించారు. అద్దం ముందు ఒక్కో కంటినే మార్చి మార్చి చూసుకుంటూ వేసినవారికి చూపు అలా పడడం వింతేమీ కాదు. ఈ విషయంలో వైద్యుల మాట నేను పూర్తిగా నమ్మను.

అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి. లండన్ కెన్‌వుడ్ భవనంలో 1665 ప్రాంతపు స్వీయచిత్రం ఒకటి ఉంది. రంగుల పలక, కుంచెలు పట్టుకుని, వెనక గోడ మీద రెండు పెద్ద వలయాలు ఉన్న చిత్రం. ఎక్స్‌రే తీస్తే, మొదట అద్దంలో కనబడినట్టే కుంచెను తప్పు చేతిలో వేసి, తరువాత సరిచేసినట్టు తేలింది. ఆ రెండు వలయాలు ఏమిటని పండితులు ఇప్పటికీ తర్కించుకుంటూనే ఉన్నారు.

నగరసభ వారి కొత్త భవనానికి వేసిన మహాచిత్రం నచ్చలేదని 1662లో తిప్పి పంపారు. దాన్ని కోసి చిన్నది చేసి అమ్ముకున్నాడు. ఇప్పుడది స్టాక్‌హోమ్‌లో ఉంది. అదే ఏడాది బట్టల వర్తక సంఘం పెద్దల బృందచిత్రం వేసి అందరి నోళ్లూ మూయించాడు. అదే ఏడాది డబ్బు లేక సాస్కియా సమాధి స్థలాన్ని అమ్మేశాడు. 1663లో హెండ్రిక్యె మరణించింది. 1667 డిసెంబరులో ఇటలీ టస్కనీ యువరాజు కొసిమో ఆ చిన్న అద్దె ఇంటికి వెతుక్కుంటూ వచ్చాడు. అంటే పేరు పోలేదు, డబ్బే పోయింది. 1668 ఫిబ్రవరిలో టైటస్ పెళ్లి చేసుకుని, సెప్టెంబరులో చనిపోయాడు. ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. మరుసటి మార్చిలో పుట్టిన ఆడపిల్లకు తండ్రి పేరు మీదుగా టైటియా అని పేరు పెట్టారు. బాప్తిస్మానికి తాతగారు వెళ్లి నిలబడ్డాడు.

ఆ 1669లోనూ ఆయన అద్దం ముందు కూర్చున్నాడు. ఆ సంవత్సరపు చిత్రం ఒకటి లండన్‌లో, ఒకటి హేగ్‌లో ఉన్నాయి. లండన్ దానిలో ఎర్రని మందపాటి అంగీ, చేతులు ఒకదానిలో ఒకటి ముడుచుకుని, పక్కకు తిరిగి కూర్చుని మనల్ని చూస్తున్నాడు. ఎక్స్‌రేలో మరొకటి కనబడింది. మొదట చేతిలో కుంచె ఉంది. తరువాత దాన్ని చెరిపేసి ఉత్త చేతులు వేశాడు. ఇది చూసి పని మానేశాడని అనుకోకూడదు. హేగ్ చిత్రం ఆ తరువాతిదే కావచ్చు. మరణించే నాటికి గదిలో సగం వేసిన చిత్రాలు ఇంకా ఉన్నాయి.

1669 అక్టోబరు 4న రెంబ్రాంట్ కన్నుమూశాడు. నాలుగు రోజుల తరువాత వెస్టర్‌కెర్క్ చర్చిలో అద్దె సమాధిలో ఉంచారు. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు ఎవరూ చూపించలేరు. దివాలాలో పోయిన ఇంటిని 20వ శతాబ్దం మొదట్లో నగరపాలక సంఘం కొని, 1911లో మ్యూజియంగా తెరిచింది. జాబితా రాసిన గుమాస్తా పుణ్యమా అని ఏ గదిలో ఏమి ఉండేదో తెలిసి, తరువాతివారు ఆ ఇంటిని తిరిగి అమర్చగలిగారు. జప్తు జాబితా రాసిన ఏ గుమాస్తాకూ ఇంతకంటె మంచి పేరు రాలేదేమో.

మిగిలిన కూతురు కార్నేలియాకు తండ్రి పోయేనాటికి ఇంకా పదిహేనేళ్లు నిండలేదు. మరుసటి సంవత్సరం ఒక యువ చిత్రకారుణ్ణి పెళ్లాడి, కంపెనీ ఓడ ఎక్కి బటావియా, అంటే ఈనాటి జకార్తా, వెళ్లిపోయింది. అక్కడ ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టారు. పెద్దవానికి తాతగారి పేరు పెట్టింది, రెంబ్రాంట్ అని. రెండవవానికి తల్లి పేరు కలిసేలా హెండ్రిక్ అని.